బిడియం గల బిడ్డ కాలేజీలో చేరినప్పుడు



మీరు ఆసుపత్రికి వేరే పని మీద వచ్చి ఉంటారు. పెద్దవారికి షుగరు చూపించడానికో, ఇంట్లోవారి ఆపరేషను కొరకో వచ్చి, వరండాలో కూర్చుని ఈ పుస్తకం తిప్పుతూ ఉంటారు. అయితే మీ ఇంట్లో ఈ సంవత్సరం ఇంజనీరింగులోనో, డిగ్రీలోనో, నర్సింగులోనో చేరిన బిడ్డ ఉంటే, ఆ బిడ్డ నలుగురిలో నోరు విప్పని స్వభావం గలవారైతే, ఈ పేజీలు మీ కొరకే. దయచేసి చివరి వరకు చదవండి.

ఇటువంటి పిల్లలు "నాకు బిడియంగా ఉంది" అని చెప్పుకుంటూ మా వద్దకు రారు. కడుపునొప్పి అంటారు. తలనొప్పి, గుండెదడ, ఆకలి లేదు, నిద్ర పట్టడం లేదు అంటారు. అసలు బాధ ఏమిటో వారికే సరిగా తెలియదు. తెలిసినా చెప్పడానికి సిగ్గు.

ఇద్దరు పిల్లల సంగతి

ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు కొద్దిగా మార్చి చెబుతున్నాను.

చాలా సంవత్సరాల క్రిందట నేను వేరొక ఊరిలో పనిచేస్తున్నప్పుడు ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదివే ఒక అబ్బాయి వచ్చేవాడు. శనివారం హాస్టలు నుండి ఇంటికి వచ్చి, సోమవారం తెల్లవారుజామున బస్సు ఎక్కే సమయానికి కడుపు పట్టుకుని కూర్చునేవాడు. మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ గ్యాసు బిళ్ళలు ఇచ్చి పంపాము. నాలుగవసారి రాలేదు. కాలేజీ మానేశాడని కొంతకాలానికి వాళ్ళ అమ్మ చెప్పింది. క్లాసులో లేచి ఇంగ్లీషులో తన గురించి చెప్పమంటే నోరు పెగలలేదట. అందరూ నవ్వారట. ఆ రోజు నుండి సోమవారం అంటేనే అతనికి భయం. "మాకు ఒక్క మాట చెప్పలేదు సిస్టరమ్మా" అని ఆమె ఏడ్చింది. కష్టపడి తెచ్చుకున్న సీటు పోయింది. "కాలేజీలో ఎలా ఉంది బాబూ?" అని ఆ అబ్బాయిని నేను కూడా ఒక్కసారి అడగలేదు. అది నా తప్పు.

రెండవది ఒక అమ్మాయి. హాస్టలులో చేరిన నెలన్నరకు కళ్ళు తిరిగి పడిపోయిందని తీసుకువచ్చారు. రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిను బాగా తక్కువగా ఉంది. ఈసారి నేను ప్రక్కన కూర్చుని నిదానంగా అడిగాను. మెస్సులో కంచం పట్టుకుని అందరి ముందు వరుసలో నిలబడాలంటే సిగ్గట. ఒంటరిగా బల్ల దగ్గర కూర్చుని తింటుంటే అందరూ తననే చూస్తున్నట్లు ఉంటుందట. అందువలన బిస్కెట్లు కొనుక్కుని గదిలో తిని పడుకునేది. ఇంటి నుండి ఫోను వచ్చినప్పుడు "తిన్నావా?" అంటే "తిన్నాను" అనేది. ఆ అమ్మాయికి రక్తం పెరగడానికి ఐరను మాత్రలు ఇచ్చారు. దానితోబాటు, అదే గదిలో ఉండే మరొక అమ్మాయితో వార్డెను గారు మాట్లాడారు. ఇద్దరూ కలిసి మెస్సుకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి చదువు ఆగలేదు.

ఈ రెండు సంగతుల మధ్య తేడా పెద్ద వైద్యం కాదు. ఒకరు అడిగారు, ఒకరు తోడు వెళ్ళారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది అంతే.

బిడియం జబ్బు కాదు

కొందరు పిల్లలు పుట్టుకతోనే నెమ్మదిగా ఉంటారు. క్రొత్తవారిని చూస్తే తల్లి కొంగు చాటుకు వెళతారు. పెద్దయ్యాక కూడా ముందు చూసి, విని, తరువాత మాట్లాడతారు. ఇది లోపం కాదు, పాపం కాదు, మీ పెంపకంలో తప్పు కాదు. ఇటువంటివారు ఎదుటివారి మాట శ్రద్ధగా వింటారు. మంచి నర్సులు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు అయినవారిలో బిడియస్తులు ఎందరో ఉన్నారు.

అయితే కాలేజీ మొదటి సంవత్సరంలో వీరికి కష్టాలన్నీ ఒకేసారి వస్తాయి. మన పల్లెలో పదేళ్ళు ఒకే బడిలో, ఒకే స్నేహితులతో చదివినవారికి ఎవరితోనూ క్రొత్తగా పరిచయం చేసుకునే అవసరం రాలేదు. ఇప్పుడు ఒకే రోజున ఊరు, భాష, గది, భోజనం, మనుషులు అన్నీ మారిపోతాయి. తెలుగు మీడియంలో చదివినవారికి పాఠం ఇంగ్లీషులో వినిపిస్తుంది. తనకు తప్ప అందరికీ అర్థమవుతోందని అనుకుంటారు. నిజానికి ప్రక్కవాడూ అలాగే అనుకుంటూ ఉంటాడు.

మన చుట్టుప్రక్కలనే చూడండి. మైలవరంలో 1998 నుండి లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగు కళాశాల ఉంది. పల్లెల నుండి వచ్చిన పిల్లలు, పట్నం నుండి వచ్చిన పిల్లలు ఇటువంటి కాలేజీలలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. నూజివీడులో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో పదవ తరగతి కాగానే చేరతారు. అంటే 15, 16 ఏళ్ళకే ఇల్లు విడిచి ఆరేళ్ళ చదువు కొరకు హాస్టలుకు వెళతారు. ఆ వయస్సులో ఇంటి మీద బెంగ పెట్టుకోవడం సహజం. దానిని పిరికితనం అనకండి.

శరీరంలో ఏమి జరుగుతుంది?

ఎదురుగా పాము కనబడితే మన శరీరం ఏమి చేస్తుందో, బిడియం గల బిడ్డను పదిమంది ముందు నిలబెట్టినప్పుడు కూడా అదే చేస్తుంది. అడ్రినలిను అనే రసం రక్తంలోకి విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. అరచేతులు చెమర్చుతాయి. నోరు ఎండిపోతుంది. గొంతు వణుకుతుంది. కడుపులో త్రిప్పుతుంది. ఇవన్నీ నిజమైన బాధలే. కనుక "నాటకాలు ఆడుతున్నావు" అని ఎప్పుడూ అనవద్దు.

మరొక సంగతి గుర్తుంచుకోండి. ఈ భయం పైకి లేచి, అక్కడే నిలబడితే సాధారణంగా కొద్ది నిమిషాలలో దానంతట అదే తగ్గుతుంది. అయితే భయం ఎక్కువగా ఉన్నప్పుడు అక్కడి నుండి తప్పించుకుంటే వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయి వలన "తప్పించుకున్నాను కాబట్టి బ్రతికాను" అని మనస్సు నేర్చుకుంటుంది. మరుసటిసారి భయం ఇంకా పెరుగుతుంది. మొదట ఒక క్లాసు మానేస్తారు, తరువాత ఒక రోజు, తరువాత ఒక వారం. చదువు మానేసేవరకు వచ్చేది ఈ దారినే. కనుక భయం పూర్తిగా పోయాక మాట్లాడదామని ఎదురుచూడకూడదు. భయంతోనే చిన్న చిన్న పనులు చేస్తూ ఉంటే భయం తగ్గుతుంది.

తల్లిదండ్రులు చేయవలసినవి

1. తిన్నావా అని అడగండి, అక్కడితో ఆగకండి. "ఎవరితో కలిసి తిన్నావు?" అని కూడా అడగండి. "ఎవరితోనూ లేదు" అంటే కోప్పడకండి. "పోనీలే, రేపు నీ గదిలో అమ్మాయిని తోడు రమ్మని అడిగి చూడు" అనండి. ప్రతిరోజూ పోలీసులు అడిగినట్లు ఆరా తీయకండి.

2. ఒక్క స్నేహం చాలని చెప్పండి. అందరితో కలవాలి, అందరిలో ముందుండాలి అని చెబితే బిడ్డ బెదిరిపోతుంది. ప్రక్క బెంచీలోనో, ప్రక్క మంచం మీదో ఉన్న ఒక్కరు తోడైతే మొదటి సంవత్సరం గడుస్తుంది.

3. చేర్పించడానికి వెళ్ళినప్పుడు వార్డెను గారిని, క్లాసు చూసే మాస్టారిని లేదా మేడం గారిని కలవండి. "మా వాడు కొంచెం నెమ్మది సార్, కనిపెట్టి ఉండండి" అని చెప్పండి. చదువుకోనివారమని మీరు వెనుకాడవద్దు. బిడ్డను గూర్చి చెప్పడానికి మీకంటె అర్హులు ఎవరూ లేరు.

4. ఇంటికి వచ్చే రోజు ముందుగా నిర్ణయించండి. ఏడ్చిన ప్రతిసారీ వచ్చేయమంటే అక్కడ కుదురుకోలేరు. నెలల తరబడి రావద్దంటే తమను వదిలేశారనుకుంటారు. "ఫలానా శనివారం వద్దువుగాని" అని చెబితే ఆ రోజు కొరకు ఓర్చుకుంటారు.

5. భోజనం, నిద్ర చూడండి. ఉదయం టిఫిను మానేసి, కాఫీ, టీలు ఎక్కువగా త్రాగితే గుండెదడ, వణుకు ఎక్కువవుతాయి. రాత్రి ఒంటిగంట వరకు ఫోను చూసి పడుకున్న బిడ్డకు మరునాడు చిన్న మాట కూడా పెద్ద భయంగా తోస్తుంది.

చేయకూడనివి

చుట్టాల ముందు "వీడికి నోట్లో నాలుక లేదు", "ఇది వట్టి మొద్దు" అనకండి. ఆ మాటలు బిడ్డతోబాటు క్లాసులోకి కూడా వెళతాయి. "పక్కింటి వాళ్ళబ్బాయిని చూడు" అని పోల్చకండి. క్లాసులో జరిగిన అవమానం మీకు చెప్పినప్పుడు నవ్వేయకండి, "ఇంతేనా" అనకండి. మీకు అది చిన్నదే, వారికి కాదు.

ఆడపిల్ల బెంగతో ఇంటికి వస్తే "ఇంక చదివింది చాలు" అని సంబంధాలు చూడడం మొదలుపెట్టకండి. మగపిల్లవాడు నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే "తోటలో పనికి రా" అని విసుక్కోకండి. సీటు పోగొట్టుకోవడం సులభం, మరల తెచ్చుకోవడం కష్టం.

మన ప్రాంతంలో మిరప నారు నాటేవారికి నేను చెప్పనవసరం లేదు. పీకి నాటిన మొక్క రెండు మూడు రోజులు తల వాల్చేస్తుంది. దానికి తడి ఇస్తాము గాని, వేరు పట్టిందో లేదో అని పీకి చూడము. పిల్లల విషయంలో కూడా మొదటి కొన్ని వారాలు ఆ ఓర్పు అవసరం.

ఈ భాగం మీ బిడ్డకు చదివి వినిపించండి

బాబూ, అమ్మాయీ, నీవు వేరే మనిషివి కానవసరం లేదు. ఒక నోటు పుస్తకంలో మెట్లు గీసుకో. అన్నిటికంటె తేలికైనది క్రింది మెట్టు మీద, అన్నిటికంటె కష్టమైనది పై మెట్టు మీద వ్రాయి. ఉదాహరణకు:

మొదటి మెట్టు: ప్రక్క బెంచీవారి పేరు, ఊరు అడగడం.
రెండవ మెట్టు: ఒకరితో కలిసి మెస్సుకు వెళ్ళడం.
మూడవ మెట్టు: క్లాసు అయ్యాక మాస్టారి దగ్గరకు వెళ్ళి ఒక సందేహం అడగడం.
నాలుగవ మెట్టు: క్లాసులో కూర్చునే ఒక ప్రశ్నకు జవాబు చెప్పడం.
ఐదవ మెట్టు: ముందుకు వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడడం.

ఒక్కొక్క మెట్టు మీద భయం సగానికి తగ్గేవరకు మరల మరల చేయి. తరువాతనే పై మెట్టుకు వెళ్ళు. ఒక రోజు కుదరకపోతే మరునాడు మరల అక్కడి నుండే మొదలుపెట్టు.

నీ పేరు, ఊరు, చదివిన బడి, నీకు ఇష్టమైన పని, ఈ నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో వ్రాసుకుని గదిలో పైకి చదువు. పదిసార్లు నోటితో పలికిన వాక్యం పదకొండవసారి భయంలో కూడా వస్తుంది. మాట్లాడే ముందు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదులు. ఐదారుసార్లు చేస్తే గుండెదడ కొంత సర్దుకుంటుంది. చివరి బెంచీలో కూర్చోకు. రెండవ వరుసలో కూర్చుంటే తలలు తక్కువ కనబడతాయి, పాఠం ఎక్కువ వినబడుతుంది.

బిడియం పోతుందని ఎవరైనా మందు గ్లాసు చేతికిస్తే తీసుకోకు. మొదటి రోజు ధైర్యం వచ్చినట్లు ఉంటుంది. తరువాత అది లేకుండా నోరు పెగలదు. ఆ అలవాటు పడినవారిని మేము మా వార్డులలో చూస్తున్నాము.

మొదటి రోజుల పరిచయ తరగతులకు తప్పక వెళ్ళు. క్రొత్త విద్యార్థులకు పరిచయ కార్యక్రమం నడపాలని సాంకేతిక విద్యా మండలి 2017లో ఇంజనీరింగు కాలేజీలకు, యూజీసీ 2019లో విశ్వవిద్యాలయాలకు, డిగ్రీ కాలేజీలకు సూచించాయి. "పాఠాలు లేవుగా" అని ఆ రోజులలో ఇంటి దగ్గర ఉండిపోతే, నీవు వెళ్ళేసరికి అందరూ జతలు జతలుగా కూర్చుని ఉంటారు.

ర్యాగింగును సహించనవసరం లేదు

"సీనియర్లు కొంచెం ఏడిపిస్తారు, దానివలన బిడియం పోతుంది" అనే మాట తప్పు. అవమానం వలన బిడియం పోదు, ఇంకా లోతుకు వెళుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగును నిషేధిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. ఏడిపించి అవమానపరచినా ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంటుంది. కొట్టినా, బెదిరించినా శిక్ష ఇంకా ఎక్కువ. యూజీసీ 2009లో నిబంధనలు చేసింది. వాటి ప్రకారమే చేరేటప్పుడు విద్యార్థి చేత, తల్లిదండ్రుల చేత హామీపత్రం వ్రాయించుకుంటారు. ఫిర్యాదు చేయడానికి 1800-180-5522 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

బిడియం గల పిల్లలు ఈ సంగతి తమంతట తాము చెప్పరు. బిడ్డ ఉన్నట్టుండి హాస్టలు పేరెత్తితే ఉలిక్కిపడుతుంటే, ఒంటి మీద దెబ్బలు కనబడితే, డబ్బు మాటిమాటికి అడుగుతుంటే, వెంటనే వెళ్ళి చూడండి. అటువంటప్పుడు "సర్దుకుపో" అనకూడదు.

డాక్టరు గారికి ఎప్పుడు చూపించాలి?

మామూలు బిడియం క్రొత్త చోటు అలవాటయ్యేకొద్దీ తగ్గుతుంది. అలా తగ్గకుండా నెలల తరబడి ఉండి, క్లాసులు, పరీక్షలు, భోజనం మానుకునేంతగా ఉంటే అది సామాజిక ఆందోళన అనే జబ్బు కావచ్చు. ఇది ఎక్కువగా బాల్యం చివరలోనో, కౌమారంలోనో మొదలవుతుంది. ఇది పిచ్చి కాదు. మాటల ద్వారా చేసే చికిత్సతో, అవసరమైతే మందులతో తగ్గుతుంది. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక మధ్యలో మానరాదు.

ముందుగా మామూలు డాక్టరు గారికే చూపించండి. గుండెదడ, వణుకు, నీరసం థైరాయిడు ఎక్కువైనా వస్తాయి, రక్తం తక్కువైనా వస్తాయి. ఆ పరీక్షలు చేసి, అవసరమైతే మానసిక వైద్యుల వద్దకు పంపుతారు. కడుపునొప్పి అని వచ్చినప్పుడు "సెలవు రోజులలో ఈ నొప్పి ఉండదు" అన్న సంగతి మీరు గమనిస్తే అది తప్పక చెప్పండి. డాక్టరు గారికి ఆ ఒక్క మాట ఎంతో సహాయపడుతుంది. తాయెత్తులు కట్టించి, గాలి సోకిందని తిప్పి, నెలలు పోగొట్టకండి. ప్రార్థన చేయండి, దానితోబాటు వైద్యమూ చేయించండి.

ఈ గుర్తులు కనబడితే ఆలస్యం చేయకండి: రెండు వారాలకు పైగా దిగులుగా ఉండడం, స్నానం, భోజనం పట్టించుకోకపోవడం, తనకిష్టమైన వస్తువులు ఇతరులకు పంచివేయడం, "నేను లేకపోతే మీకు బాగుంటుంది" వంటి మాటలు. అప్పుడు "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా, ప్రేమతో అడగండి. అడగడం వలన లేని ఆలోచన పుట్టదు. చెప్పుకోవడానికి ఒక దారి దొరుకుతుంది. "అవును" అంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మనవి వ్యవసాయ కుటుంబాలు. పత్తికి, మిరపకు కొట్టే పురుగుమందు ఇంట్లో ఉంటే తాళం వేసి పెట్టండి, లేదా ఇంటి నుండి తీసివేయండి. తొందరపాటు క్షణంలో అది చేతికి అందకపోవడం వలన ప్రాణాలు నిలుస్తాయి.

2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరు మీద రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బిడ్డే చేయవచ్చు, మీరు కూడా చేయవచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పలేని బిడియస్తులకు ఇది మంచి సౌకర్యం. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోను చేయండి.

చివరిగా ఒక మాట

బైబిలు చదివేవారికి మోషే సంగతి తెలుసు. ఫరో ముందుకు వెళ్ళి మాట్లాడమని దేవుడు పిలిచినప్పుడు తాను మాటకారిని కానని అతడు వెనుకాడాడు. దేవుడు అతని నాలుకను మార్చినట్లు అక్కడ వ్రాయబడలేదు. అన్న అయిన అహరోనును అతనికి తోడుగా ఇచ్చాడు. ఇద్దరూ కలిసి వెళ్ళారు. మీరు ఏ మతమువారైనా ఈ సంగతి మీ బిడ్డకు పనికివస్తుంది. మాటలు తక్కువైన బిడ్డకు ముందు కావలసినది తోడు.

కనుక ఈ రోజు సాయంత్రం మీ బిడ్డకు ఫోను చేయండి. తొందరపడకుండా మాట్లాడండి. అవతల మౌనంగా ఉంటే వెంటనే పెట్టేయకండి, కొంచెంసేపు ఆగండి. బిడియం గల పిల్లలు ముఖ్యమైన మాట చివరలోనే చెబుతారు. సెలవులకు వచ్చినప్పుడు నీరసంగా కనబడితే మన ఓ.పి.కి తీసుకురండి. బరువు, రక్తం చూస్తాము. ఆ తరువాత ప్రక్కన కూర్చుని "కాలేజీలో ఎలా ఉంది?" అని కూడా తప్పక అడుగుతాము.

దేవుడు మీ పిల్లలను, వారి చదువును దీవించును గాక.